యూనివర్సిటీలు కోర్సులు మూసేస్తుంటే మా అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పూర్తి చేసింది. అమెరికాలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తే రెండు యూనివర్సిటీలు ఈ ఏడాది కొత్తవాళ్లను తీసుకోవడం లేదన్నాయి. ఒక స్టేట్ యూనివర్సిటీ నుంచి ఎమ్మెస్ స్టాటిస్టిక్స్‌కి, ఒక ప్రైవేటు యూనివర్సిటీ నుంచి ఎమ్మెస్ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ (ఏఐ)కి అడ్మిట్లు వచ్చాయి. ఏఐది దరఖాస్తు పెట్టిన కొద్ది రోజులకే వచ్చేసింది. రెండు కోర్సుల వివరాలూ పంపుతున్నాం. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకోవాలి. నెబ్రాస్కాలో స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌నే ఎత్తేశారని విన్నాం. డాలస్‌లో ఉన్న మా బావమరిది ఏఐ తీసుకోమంటున్నాడు, దాన్ని ఎవరూ మూయరట. అమ్మాయి వినడం లేదు. ఏ కోర్సు తీసెయ్యాలో యూనివర్సిటీలు ఎలా నిర్ణయిస్తాయి? ఈ రెండింటిలో ఏది సేఫ్? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఊరి పేరు, సబ్జెక్టు పేరు మారిస్తే ఇదే ఉత్తరం నాకు చాలామంది తల్లిదండ్రుల నుంచి వస్తోంది. మీరు అడిగింది యూనివర్సిటీల గురించే అయినా, మీ మనసులో ఉన్నది వేరు. "మా పిల్ల తప్పు సబ్జెక్టు పట్టుకుందా?" అన్నదే మీ టెన్షన్. లేదండీ, పట్టుకోలేదు. ఆ భయం కాస్త పక్కన పెడితే మిగతాది మాట్లాడుకోవడం తేలిక.

మీ అమ్మాయికి పీహెచ్‌డీ విషయంలో వచ్చిన జవాబు ఆమె ప్రతిభ మీద తీర్పు కాదు. ఆమె దరఖాస్తును ఎవరైనా చదివారో లేదో కూడా చెప్పలేం. అమెరికాలో మంచి యూనివర్సిటీలు పీహెచ్‌డీ విద్యార్థి దగ్గర ఫీజు తీసుకోవు. ఎదురు స్టైపెండ్ ఇస్తాయి, ఆరోగ్య బీమా కడతాయి, అదీ దాదాపు అయిదేళ్లు. ఎమ్మెస్ విద్యార్థి సంగతి తలకిందులు, అక్కడ డబ్బు కట్టేది మీరు. చేతిలో డబ్బు ఆడనప్పుడు యూనివర్సిటీ ముందు ఏ సీట్లు తగ్గిస్తుంది? తను డబ్బు ఇవ్వాల్సినవే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే రోజూ వచ్చే వార్తల్లో సగం అర్థమైపోతాయి.

బోస్టన్ యూనివర్సిటీనే తీసుకోండి. 2024లో అక్కడి పీహెచ్‌డీ విద్యార్థులు నెలల తరబడి సమ్మె చేసి, ఏడాదికి కనీసం 45,000 డాలర్ల స్టైపెండ్ సాధించుకున్నారు. ఆ నవంబరులోనే ఇంగ్లిష్, చరిత్ర, తత్వశాస్త్రం, సోషియాలజీ వంటి డజను విభాగాల్లో మరుసటి ఏడాది పీహెచ్‌డీ ప్రవేశాలు ఆగిపోయాయి. చికాగో యూనివర్సిటీ 2026-27కి ఆర్ట్స్, హ్యుమానిటీస్ విభాగాలు చాలావాటిలో అదే పని చేసింది. "అవన్నీ ఉద్యోగాలు రాని సబ్జెక్టులు కదా" అంటారేమో. హార్వర్డ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ విభాగంలో 2025 అక్టోబరులో బయటపడిన లెక్కలు చూడండి. ఆర్ట్స్, హ్యుమానిటీస్‌లో పీహెచ్‌డీ సీట్లు సుమారు 60 శాతం తగ్గితే, సైన్స్‌లో 75 శాతానికి పైగా తగ్గాయి. ఎక్కువ కోత పడింది సైన్స్‌కే.

ఎందుకంటే సైన్స్ పీహెచ్‌డీలు నడిచేది ఎక్కువగా ప్రభుత్వ పరిశోధన గ్రాంట్ల మీద. 2025 ఫిబ్రవరిలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, గ్రాంట్‌తో పాటు యూనివర్సిటీ నిర్వహణ ఖర్చులకు ఇచ్చే వాటాను 15 శాతానికి మించనివ్వబోమని ప్రకటించింది. కోర్టులు అడ్డుకున్నాయి. అయినా వస్తుందో రాదో తెలియని డబ్బును నమ్ముకుని అయిదేళ్లకు ఒక విద్యార్థికి ఏ డీన్ మాటిస్తాడు? ఆ మార్చిలో మసాచుసెట్స్ యూనివర్సిటీ వారి చాన్ మెడికల్ స్కూల్ అప్పటికే ఇచ్చిన పీహెచ్‌డీ ఆఫర్లను కూడా వెనక్కి తీసుకుంది. నీళ్లు తక్కువైన ఏడాది రైతు ఉన్న తోటను కాపాడుకుంటాడు, కొత్త నాట్లు మానేస్తాడు. ప్రవేశాలు ఆపడమంటే అంతే. ప్రొఫెసర్లు ఉంటారు, ఇప్పటికే చేరినవాళ్లు ఉంటారు, కొత్తవాళ్లు మాత్రం ఉండరు. పరిస్థితి బాగుపడితే మళ్లీ తీసుకుంటారు. మీ అమ్మాయి రెండేళ్ల తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, అప్పటికి చేతిలో ఎమ్మెస్ కూడా ఉంటుంది.

మూసివేత వేరు. మీరు నెబ్రాస్కా గురించి విన్నది నిజమే. నెబ్రాస్కా-లింకన్ యూనివర్సిటీకి 2.75 కోట్ల డాలర్ల లోటు వచ్చింది. మొదట ఆరు విభాగాల పేర్లు బయటికొచ్చాయి. 2025 డిసెంబరులో పాలకమండలి ఓటేసి నాలుగింటిని ఎత్తేసింది. వాటిలో స్టాటిస్టిక్స్ ఒకటి. తమను తూచిన కొలతల్లోనే తప్పులున్నాయని స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్లు లెక్కలతో సహా వాదించారు. ఫలితం లేకపోయింది. ప్రపంచమంతా డేటా, డేటా అని జపం చేస్తున్న రోజుల్లో ఆ డేటాను చదవడం నేర్పే విభాగాన్ని తీసేశారు. సబ్జెక్టు విలువకూ ఈ నిర్ణయాలకూ ఎంత దూరముందో ఇంతకంటే ఎవరూ చూపించలేరు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ 2023లో సుమారు 4.5 కోట్ల డాలర్ల లోటు చూపించి 28 కోర్సులు, 143 అధ్యాపక పోస్టులు తీసేసింది. అందులో గణితం ఎమ్మెస్, పీహెచ్‌డీ రెండూ ఉన్నాయి. గణితానికి విలువ లేదని ఖమ్మంలోనైనా ఎవరైనా అంటారా?

ఇంకొన్ని చోట్ల యూనివర్సిటీ ఆలోచించుకోవాల్సిన పని కూడా లేదు, రాష్ట్ర చట్టమే అంకె పెట్టేసింది. ఇండియానాలో 2025లో వచ్చిన చట్టం ప్రకారం, ప్రభుత్వ యూనివర్సిటీలో ఒక మాస్టర్స్ కోర్సు నుంచి మూడేళ్ల సగటున ఏడాదికి కనీసం ఏడుగురు పట్టా తీసుకోవాలి. పీహెచ్‌డీ అయితే ముగ్గురు. అంతకంటే తగ్గితే కొనసాగించడానికి ప్రత్యేక అనుమతి కావాలి. ఆ చట్టం రాగానే అక్కడి యూనివర్సిటీలు 400కు పైగా కోర్సులను మూయడానికో, ఆపడానికో, కలపడానికో సిద్ధమయ్యాయి. బాగా నేర్పి ఏడాదికి అయిదుగురిని మాత్రమే బయటికి పంపే చిన్న విభాగం ఈ లెక్కలో ఓడిపోతుంది, పేలవంగా నేర్పి రెండు వందల మందిని పంపేది నెగ్గుతుంది.

చట్టం లేని చోట కమిటీ ముందుకు ఒక పెద్ద పట్టిక వస్తుంది. ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు, ఒక్కో విద్యార్థికి ఎంత ఖర్చు, పరిశోధన నిధులు ఎన్ని తెచ్చారు, ఇలా ఉంటాయి వరసలు. నా ఉద్దేశంలో అసలు నిర్ణయం పట్టిక బయట జరుగుతుంది. రిటైరైన ప్రొఫెసర్ల పోస్టులు ఎక్కడ ఖాళీగా ఉన్నాయో అక్కడ కత్తెర సులువుగా పడుతుంది, ఎవరినీ తొలగించే తలనొప్పి ఉండదు కదా. ఆ విభాగం పాఠాలు ఇంజినీరింగ్‌కో, నర్సింగ్‌కో తప్పనిసరైతే కింది తరగతుల బోధన ఉంచి పైనున్న డిగ్రీ తీసేస్తారు. పాలకమండలిలో తమ తరఫున మాట్లాడేవారు లేని విభాగం చివరిదాకా నిలవడం కష్టం. దీన్ని రాజకీయం అనాలంటే అనండి, మన యూనివర్సిటీలను చూసినవాళ్లకు ఇది కొత్త కాదు.

ఇప్పుడు మీ బావమరిది గారి మాట. "ఏఐని ఎవరూ మూయరు." ఈ మాట ఈమధ్య ఎంతమంది నోట విన్నానో. కోర్సు మూతపడకపోవడం నాణ్యతకు రుజువని ఎవరు చెప్పారు? ఫీజు కట్టేవాళ్లు వరసలో నిలబడినంత కాలం ఏ కోర్సునూ మూయరు. కొత్తగా వెలిసిన ఎమ్మెస్ ఏఐ, ఎమ్మెస్ డేటా సైన్స్ కోర్సులు చాలావాటి సిలబస్ విప్పి చూడండి. కంప్యూటర్ సైన్స్ నుంచి నాలుగు సబ్జెక్టులు, స్టాటిస్టిక్స్ నుంచి రెండు, బిజినెస్ స్కూల్ నుంచి ఒకటి తెచ్చి, కొత్త పేరు పెట్టి ఉంటాయి. సొంత ప్రొఫెసర్లు ఇద్దరో ముగ్గురో, మిగతా పాఠాలు కాంట్రాక్టు మీద వచ్చి చెప్పేవాళ్లవి. ఇలాంటి కోర్సును తెరవడం ఎంత సులువో మూయడమూ అంతే సులువు. శాశ్వత ఉద్యోగంలో ఉన్న ప్రొఫెసరు లేకపోతే గొడవ చేసేవాడూ ఉండడు.

పైగా ఇవి నడిచేది మన పిల్లల డబ్బు మీద. చికాగోలోని డీపాల్ యూనివర్సిటీలో 2025 ఫాల్‌కి (ఆగస్టు-సెప్టెంబరులో మొదలయ్యే సెమిస్టర్‌కి) కొత్తగా చేరిన విదేశీ మాస్టర్స్, పీహెచ్‌డీ విద్యార్థులు దాదాపు 62 శాతం తగ్గిపోయారు. వీసాల ఆలస్యం ఒక కారణం. దాంతో ఆ యూనివర్సిటీ ఖర్చులు తగ్గించుకునే పనిలో పడింది. మన తెలుగు పిల్లలు బాగా వెళ్లే సెంట్రల్ మిస్సోరీ యూనివర్సిటీకి ఫీజుల రాబడిలో దాదాపు నాలుగో వంతు విదేశీ విద్యార్థుల నుంచే వస్తుంది. అక్కడా చేరికలు బాగా పడిపోయాయి. విదేశీ ఫీజుల కోసమే పెట్టిన కోర్సుకు, విదేశీయులు రావడం తగ్గితే ఏ గతి పడుతుందో మీరే ఊహించండి. ఏ కోర్సు ఎప్పటికీ మూయరని మీవాళ్లు అంటున్నారో, వీసా గాలి మారితే ముందు ఊగేది అదే.

మంచి ఏఐ కోర్సులు లేవని కాదు. బలమైన కంప్యూటర్ సైన్స్ విభాగం సొంత అధ్యాపకులతో నడిపేవి ఉన్నాయి, అలాంటి చోట సీటు వస్తే నేనే వెళ్లమంటాను. మీరు పంపిన ప్రైవేటు కోర్సు వివరాల్లో అది కనిపించలేదు. దరఖాస్తు పెట్టిన కొద్ది రోజులకే అడ్మిట్ వచ్చిందని మీరు గొప్పగా రాశారు, నాకైతే అదే అనుమానం. మీ అమ్మాయికి ఎమ్మెస్సీలోనే ప్రాబబిలిటీ, లీనియర్ మోడల్స్ అయిపోయాయి. ఏఐకి పునాది అదే. ఆ ప్రైవేటు కోర్సులో మొదటి సెమిస్టర్‌లో పైథాన్ ప్రోగ్రామింగ్ ఓనమాలు నేర్చుకోవడానికి మీరు డాలర్లలో ఫీజు కడతారు.

కొంచెం కఠినంగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. "అమ్మాయి వినడం లేదు" అని రాశారు. ఎందుకు వినాలండీ? ఆమె ఎమ్మెస్సీ చదివింది, తన సబ్జెక్టు తనకు తెలుసు, నెబ్రాస్కా వార్త మీకంటే ముందే చదివి ఉంటుంది. ఉత్తరం మొత్తంలో మీ బావమరిది ఏమన్నాడో ఉంది, పక్కింటివాళ్ల అబ్బాయి ఎంత సంపాదిస్తున్నాడో కూడా రాశారు. మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టేది మీరే, కాదనను. ఆ భయం న్యాయమైనదే, దాని గురించి ఆమెతో కూర్చుని లెక్కలు వేయండి. లోన్ ఇస్తున్నాం కాబట్టి సబ్జెక్టు కూడా మేమే ఎంచుతామంటే మాత్రం కుదరదు. ఇష్టం లేని కోర్సులో రెండేళ్లు కూర్చోబెట్టి తర్వాత ఉద్యోగం రాలేదని ఎవరిని అడుగుతారు?

సరే, చేరాక కోర్సు మూసేస్తే? అలా రాత్రికి రాత్రి బయటికి పంపరు. కోర్సు మూసేటప్పుడు, అప్పటికే చేరినవాళ్లు ఎలా పూర్తి చేస్తారో యూనివర్సిటీ ఒక ప్రణాళిక చూపాలని గుర్తింపు సంస్థల నియమం ఉంది. కొత్త ప్రవేశాలు ఆపి, ఉన్నవాళ్లను పూర్తి చేయనిస్తారు. డిగ్రీ చెల్లుతుంది. ఇబ్బంది వేరే రకంగా వస్తుంది. మంచి ప్రొఫెసర్లు ముందే వేరే చోటికి వెళ్లిపోతారు, ఎలక్టివ్‌లు తగ్గిపోతాయి. పీహెచ్‌డీ మధ్యలో గైడ్ వెళ్లిపోతే నిజంగా కష్టం. రెండేళ్ల ఎమ్మెస్‌కి అది తట్టుకోలేని దెబ్బేమీ కాదు. చదువయ్యాక అక్కడ పనిచేసుకోవడానికిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు మరో 24 నెలలు. స్టాటిస్టిక్స్, ఏఐ రెండూ ఆ జాబితాలోనే ఉన్నాయి, కాబట్టి ఆ విషయంలో తేడా లేదు. హెచ్-1బీ ఉద్యోగ వీసా గొడవ కూడా రెండింటికీ సమానమే, అందుకే ఇక్కడ ఎత్తడం లేదు.

రెండూ పోల్చి చెప్పమన్నారు కదా. మీరిచ్చిన వివరాలను బట్టి నేను స్టేట్ యూనివర్సిటీ స్టాటిస్టిక్స్ వైపే ఉన్నాను. ఫీజు తక్కువ, సొంత అధ్యాపకులు పద్నాలుగు మంది ఉన్నారు, పీహెచ్‌డీ దారి తెరిచే ఉంటుంది.

అయితే డిపాజిట్ కట్టే ముందు ఆ విభాగం గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌కి ఒక మెయిల్ వెళ్లాలి. గత మూడేళ్లలో ఎమ్మెస్ పూర్తి చేసినవాళ్లు ఏడాదికి ఎంతమంది, రాబోయే రెండేళ్లలో రిటైరయ్యే ప్రొఫెసర్ల స్థానంలో కొత్తవాళ్లను తీసుకుంటున్నారా, ఈ కోర్సు ఇప్పుడేమైనా సమీక్షలో ఉందా, రెండో ఏడాది టీచింగ్ అసిస్టెంట్ అవకాశం ఎంతమందికి దొరుకుతోంది, ఇవి అడగాలి. మొహమాటం అక్కర్లేదు, వాళ్లకు ఇలాంటి ప్రశ్నలు అలవాటే. సూటిగా జవాబిస్తే మంచిది. సమీక్ష గురించి మాట దాటేస్తే, ఆ యూనివర్సిటీ పాలకమండలి సమావేశాల మినిట్స్ (ఏం చర్చించారో రాసిపెట్టిన రికార్డు) వెతకండి. ప్రభుత్వ యూనివర్సిటీలకు అవి మామూలుగా వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. ఏఐ కోర్సు వాళ్లకూ ఇవే ప్రశ్నలు పంపి, ఎవరు ఏం చెప్పారో పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఈ మెయిళ్లు ఈ వారమే వెళ్లాలి. రాయాల్సింది మీ అమ్మాయి, మీరు కాదు, మీ బావమరిది అసలే కాదు.