టెక్ సందేహాలు: మాస్ట్‌ మీది దిక్సూచికి లాగిన్‌ దేనికి?

చిన్న రేసు పడవలు నడిపేవాళ్ల నుంచి కొన్నాళ్లుగా ఒకే రకం ప్రశ్నలు వస్తున్నాయి. మాస్ట్‌కి దిక్సూచి బిగించాం, జీపీఎస్‌ బిగించాం, గాలి సెన్సర్‌ కూడా పెట్టాం, అయినా లెక్కలు కుదరడం లేదని. ఎవరికి వారికి విడిగా రాసే ఓపిక నాకు లేదు. అందుకే ఈసారి అన్నీ ఒకేచోట. మాస్ట్‌ అంటే తెరచాపను మోసే నిలువు స్తంభమని తెలియనివాళ్లు ఈ వారానికి ఈ శీర్షిక వదిలేయొచ్చు.

ప్రశ్న: ఇద్దరం నడిపే చిన్న రేసు పడవ మాది. మాస్ట్‌కి ఎలక్ట్రానిక్‌ దిక్సూచి పెట్టాం. గాలి కుడివైపు నుంచి వీస్తున్నప్పుడు దిక్కు సరిగ్గానే చూపిస్తుంది. ట్యాక్‌ చేయగానే, అంటే గాలి రెండో వైపు నుంచి తగిలేలా పడవను తిప్పగానే, పది డిగ్రీలకు పైగా తేడా కొడుతోంది. ఎన్నిసార్లు కాలిబ్రేట్‌ చేసినా, అంటే సరిగ్గా చూపేలా మళ్లీ సరిచేసినా, అంతే. పరికరం పోయిందంటారా?

జవాబు: పరికరానికేం కాలేదు. దాని పక్కన ఏం పెట్టారో చెప్పండి ముందు. ఉత్తరాల్లో ఎప్పుడూ ఆ ఒక్క ముక్కే ఉండదు. ఫొటో పంపమంటే అదే బ్రాకెట్‌ మీద ఫోన్‌ కూడా దర్శనమిస్తుంది.

భూమి అయస్కాంత క్షేత్రం చాలా బలహీనం. ప్రాంతాన్ని బట్టి 25 నుంచి 65 మైక్రోటెస్లాల దాకా ఉంటుంది, అంతే. దిక్సూచిలోని చిప్‌ ఆ కాస్త బలాన్నే మూడు అక్షాల్లో కొలిచి ఉత్తరం ఎటో లెక్కగడుతుంది. ఆ పక్కనే వైర్‌లెస్‌ చార్జింగ్‌ కోసం వెనక అయస్కాంతపు రింగు ఉన్న ఫోను, స్పీకరున్న వాకీటాకీ, ఉక్కు తొడుగున్న పెన్సిల్‌ సెల్స్‌ పెడితే అది ఎవరి మాట వినాలి?

ఈ తేడా అన్ని దిక్కుల్లో ఒకేలా ఉండదు. పడవతో పాటే తిరిగే అయస్కాంతం ఒక దిక్కున అంకెను పైకి లాగుతుంది, ఎదురు దిక్కున కిందికి లాగుతుంది, నడుమ ఎక్కడో తేడా సున్నా అవుతుంది. మీకు ఒక ట్యాక్‌లో బాగుండి రెండోదాంట్లో తప్పుతున్నది అందుకే. కాలిబ్రేట్‌ చేసినప్పుడు ఫోన్‌ ఒడ్డున సంచిలో ఉండి, రేసులో బ్రాకెట్‌ ఎక్కిందంటే ఆ కాలిబ్రేషన్‌ దండగ. పడవను ఇనుప ట్రైలర్‌ మీద ఉంచి చేసినా దండగే. రేసులో ఏవి ఎక్కడ ఉంటాయో అవన్నీ అక్కడే పెట్టి, నీళ్ల మీద, అలలు తక్కువున్న పూట, పడవను నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతూ చేయండి.

చిన్న అయస్కాంతం ప్రభావం దూరాన్ని బట్టి చాలా వేగంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే ప్రభావం ఎనిమిదో వంతు. అంటే ఫోన్‌ని ఓ జానెడు పక్కకి జరిపినా సమస్య చాలావరకు తీరిపోవచ్చు. మామూలు ముల్లు దిక్సూచిని చేత్తో పట్టుకుని బ్రాకెట్‌ మరల దగ్గరికి తీసుకెళ్లి చూడండి. ముల్లు కదిలితే ఆ మరలు మార్చండి. స్టెయిన్‌లెస్‌ స్టీల్‌కి అయస్కాంతం అంటదని ధీమాగా ఉండొద్దు. 304 రకం స్టీల్‌ని వంచి, సాగదీసి మరలు చేసేటప్పుడు దానికి కాస్త అయస్కాంత గుణం వస్తుంది. 316 రకంలో ఆ బెడద తక్కువ. మీది తిరిగే మాస్ట్‌ అయితే మాత్రం దిక్సూచిని దాని మీద పెట్టడమే తప్పు. అది మాస్ట్‌ ఎటు చూస్తోందో చెబుతుంది, పడవ ఎటు పోతోందో చెప్పదు.

ప్రశ్న: బ్రాకెట్‌ కోసం మాస్ట్‌కి రంధ్రాలు చేయొచ్చా?

జవాబు: వద్దు. చాలా చిన్న పడవల్లో మాస్ట్‌ని గాలి చొరబడకుండా మూసేస్తారు, బోల్తా పడినప్పుడు అది తేలాలని. మీరు వేసిన రంధ్రంలోంచి నీళ్లు లోపలికి పోతే పక్కకి పడ్డ పడవ పూర్తిగా తలకిందులవుతుంది. అల్యూమినియం మాస్ట్‌లో స్టీల్‌ మర, వాటి మధ్య ఉప్పునీళ్లు చేరితే అరిగిపోయేది అల్యూమినియమే. మర చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తుంది, పెయింట్‌ బుడగలు లేస్తుంది. కార్బన్‌ మాస్ట్‌కి అల్యూమినియం బ్రాకెట్‌ నేరుగా తగిలినా ఇదే కథ, ఈసారి తినేది బ్రాకెట్‌ని. పట్టీలతో బిగించే బ్రాకెట్‌ తీసుకుని, కింద రబ్బరు షీటు వేయండి.

త్రీడీ ప్రింటర్‌లో సొంతంగా చేసుకున్నామని గర్వంగా రాసేవాళ్లకు ఒక్క మాట. పీఎల్‌ఏ ప్లాస్టిక్‌ 60 డిగ్రీల సెల్సియస్‌ దగ్గరికి వచ్చేసరికి మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారులో నల్లటి బ్రాకెట్‌ ఆ వేడిని సులువుగా అందుకుంటుంది. ఏఎస్‌ఏ ప్లాస్టిక్‌ వాడండి. అంచులు గుండ్రంగా ఉంచండి, తెరచాప తాళ్లు చిక్కుకోకుండా. ఏ బ్రాకెట్‌ అయినా పరికరానికి విడిగా ఒక సన్నటి తాడు కట్టి మాస్ట్‌కి ముడెయ్యండి.

ప్రశ్న: కూలింగ్‌ గ్లాసెస్‌ పెట్టుకుంటే స్క్రీన్‌ నల్లగా అయిపోతోంది.

జవాబు: అవి పోలరైజ్డ్‌ అద్దాలు. ఎల్‌సీడీ నుంచి వచ్చే కాంతి కూడా పోలరైజ్‌ అయ్యే వస్తుంది, ఆ కాంతికి మీ అద్దాలు అడ్డం పడే కోణంలో ఉంటే చీకటే. కొనేముందే మీ అద్దాలు పెట్టుకుని, పరికరాన్ని అటూ ఇటూ వంచి చూసుకోవాలి. పడవ ఒరిగే తీరుతుంది కదా.

ప్రశ్న: మాస్ట్‌ మీది దిక్సూచి, జీపీఎస్‌ వేగం, పైనున్న గాలి సెన్సర్‌ అన్నీ ఫోన్‌ యాప్‌కి వస్తాయి. అకౌంట్‌ లేకపోతే యాప్‌ తెరుచుకోదు. లొకేషన్‌ ‘ఎల్లప్పుడూ’ ఇమ్మంటోంది. పక్క పడవ మిత్రుడి ఫోన్‌లో కూడా మా గాలి అంకెలు కనిపించాయి. టెన్షన్‌ పడాలా?

జవాబు: గాలి అంకెల గురించి అక్కర్లేదు. వేరే దాని గురించి పడాలి.

చాలా సెన్సర్లు బ్లూటూత్‌లో తమ లెక్కల్ని బహిరంగంగా ప్రసారం చేస్తాయి, ఎవరి ఫోనైనా వినొచ్చు. పడవ పరికరాలు మాట్లాడుకునే ఎన్‌ఎంఈఏ 0183 భాష అచ్చంగా చదవగలిగే అక్షరాలు, అంకెలే. అందులో పాస్‌వర్డ్‌ లేదు, సమాచారాన్ని గుప్తంగా మార్చే ఏర్పాటూ లేదు. ఆ తర్వాత వచ్చిన ఎన్‌ఎంఈఏ 2000లోనూ సందేశం పంపింది ఎవరో నిర్ధారించే ఏర్పాటు లేదు. ఇవి తీగల కాలంలో పుట్టాయి, తీగ పడవ దాటి పోదు కాబట్టి చెల్లిపోయింది. ఇప్పుడు అదే భాషని వైఫైలోకి పోసి, మాన్యువల్‌లో అచ్చేసిన పాస్‌వర్డ్‌తో వదిలేస్తున్నారు. మార్చండి దాన్ని. అయినా ఇదంతా పొరుగు పడవ కుతూహలంతో పోయేదే.

నన్ను భయపెట్టేది మీ ట్రాక్‌, అంటే మీరు ఎప్పుడు ఎక్కడున్నారో క్షణం క్షణం రాసుకున్న గీత. నీళ్ల మీద రికార్డింగ్‌ మొదలుపెట్టి నీళ్ల మీదే ఆపేవాళ్లు తక్కువ. ఇంట్లో చార్జింగ్‌ తీసేటప్పుడు బటన్‌ నొక్కుతారు. లేదా ఆపడం మర్చిపోయి ట్రైలర్‌ లాక్కుంటూ ఇంటిదాకా రాసుకుపోతారు. యాప్‌ దాన్ని ఒక కొస మీ గేటు దగ్గర, ఇంకో కొస రేవు దగ్గర ఉండేలా అందమైన రంగుల గీతగా చేసి క్లౌడ్‌లో పెడుతుంది. ప్రొఫైల్‌ ‘పబ్లిక్‌’ అని ఉంటే అది చూసినవాడికి మూడు సంగతులు తెలుస్తాయి: మీ ఇల్లు, పడవ ఉండే చోటు, ఫలానా వారం ఫలానా పూట మీరు గంటల తరబడి నీళ్లలో ఉంటారన్నది. ఆ పూట ఇంట్లో ఎవరూ ఉండరని చెప్పడానికి ఇంకేం కావాలి? చిన్నపిల్లలకు శిక్షణ ఇచ్చేవాళ్లు మొత్తం బ్యాచ్‌ ట్రాక్‌లని ఒకే అకౌంట్‌లో వేసి లింకు పంచుకోవడం ఇంకా ఘోరం.

అతిగా భయపెడుతున్నానని అనుకుంటే, 2018 జనవరిలో జరిగింది గుర్తు చేసుకోండి. ఒక ఫిట్‌నెస్‌ యాప్‌ ప్రచురించిన ప్రపంచ పటంలో, సైనికులు పరుగెత్తిన దారులు వెలిగిపోతూ సైనిక స్థావరాల ఆకారాల్నే బయటపెట్టాయి. పేర్లేవీ లేవందులో. గీతలు సరిపోయాయి.

లొకేషన్‌ అనుమతిని ‘యాప్‌ వాడుతున్నప్పుడు మాత్రమే’కి మార్చండి. ప్రొఫైల్‌ని ప్రైవేట్‌ చేయండి. పాత ట్రాక్‌లు ఒక్కొక్కటీ తెరిచి రెండు కొసలూ చూడండి, ఇల్లు కనిపిస్తే తీసేయండి. సెకండ్‌ హ్యాండ్‌లో కొన్నా, అమ్మినా పాత అకౌంట్‌ నుంచి పరికరాన్ని తెంచారో లేదో చూసుకోవాలి. తెంచకపోతే కొత్త యజమాని గీతలు పాత యజమాని ఫోన్‌లో వాలే అవకాశముంది. రీసెట్‌ బటన్‌ నొక్కేస్తే చాలనుకోకండి, చాలాసార్లు అది పరికరంలో ఉన్నదే చెరుపుతుంది, సర్వర్‌లో ఉన్న ముడి అలాగే ఉంటుంది.

అసలు దిక్సూచికి లాగిన్‌ ఏమిటండీ? ఉత్తరం ఎటుందో చెప్పడానికి నా ఈమెయిల్‌ ఎందుకు? నీళ్ల మధ్య సిగ్నల్‌ పోయినప్పుడు ‘మళ్లీ సైన్‌ ఇన్‌ చేయండి’ అనే తెర వచ్చిందని రాసినవాళ్లున్నారు. తడి చేతులతో, తడి స్క్రీన్‌ మీద, పడవ ఒరిగి ఉండగా పాస్‌వర్డ్‌ కొట్టాలట! ఈ డిజైన్‌ చేసినవాళ్లు నీళ్ల పక్కన నిలబడి ఒక్కసారైనా వాడి చూశారంటే నేను నమ్మను. రేపు ఆ కంపెనీ సర్వర్‌ మూసేస్తే మాస్ట్‌ మీద మిగిలేది ప్లాస్టిక్‌ డబ్బా.

అప్‌డేట్ల సంగతీ ఇంతే. అప్‌డేట్లే వద్దని అనను. జీపీఎస్‌ సంకేతంలో వారం సంఖ్యకు పాతకాలం నుంచీ పది బిట్లే ఉన్నాయి. 1,024 వారాలకోసారి అది సున్నాకి వస్తుంది. 2019 ఏప్రిల్‌ 6న అలా వచ్చినప్పుడు అప్‌డేట్‌ లేని కొన్ని పాత పరికరాల్లో తేదీలు దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి పోయాయి. మళ్లీ 2038 నవంబరులో వస్తుంది. కాబట్టి అప్‌డేట్‌ అవసరమే, కానీ రేసు రోజు పొద్దున పరికరం ఆన్‌ చేయగానే అడక్కుండా మొదలైపోవడం నేరం. అయిపోయాక కాలిబ్రేషన్‌ చెరిగిపోయి, డ్యాంపింగ్‌ సెకన్లు (అంకెలు ఊగిసలాడకుండా ఎన్ని సెకన్ల సగటు చూపాలన్న అమరిక) మళ్లీ మొదటికి వచ్చాయేమో ఎవరు చూస్తారు అప్పుడు? వారం ముందే ఇంట్లో చేసేయండి. ఆటో అప్‌డేట్‌ ఆపేయండి. డ్యాంపింగ్‌ ఎంత పెట్టారో కాగితం మీద రాసుకోండి.

ప్రశ్న: జీపీఎస్‌ కూడా ఉన్న పరికరాన్ని ‘రేస్‌ మోడ్‌’లో పెట్టి, జీపీఎస్‌ ఆపేస్తే నిబంధనలు ఒప్పుకుంటాయా?

జవాబు: మీ పడవ తరగతి (ఒకే రకం పడవల వర్గం) నిబంధనలు, ఆ పోటీ సెయిలింగ్‌ సూచనలు చదవండి. దిక్సూచిని మాత్రమే అనుమతించి, జీపీఎస్‌ని నిషేధించే తరగతులున్నాయి. అలాంటిచోట సాఫ్ట్‌వేర్‌లో ఆపామన్న మాటను అధికారులు నమ్మాలని లేదు. అసలు జీపీఎస్‌ లేని పరికరమే మేలు, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. ఇంకోటి, అంతర్జాతీయ రేసింగ్‌ నిబంధనల్లో 41వది బయటి సాయాన్ని కట్టడి చేస్తుంది. అందరికీ ఉచితంగా, సులువుగా దొరికే సమాచారానికి అందులో మినహాయింపు ఉంది. చందా కట్టి రేసు మధ్యలో గాలి అంచనాలు తెప్పించుకునే యాప్‌ ఆ మినహాయింపులోకి రాదు.

ప్రశ్న: ఐపీఎక్స్‌ 7 అని రాసి ఉన్నా స్క్రీన్‌ లోపల ఆవిరి పట్టింది. మోసమా?

జవాబు: మోసం అనలేను. నీళ్లని ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీఎక్స్‌ గుర్తుల్లో 7వ నంబరు పరీక్ష అంటే ఒక మీటరు లోతు నీళ్లలో, కదలకుండా, అరగంట. ఆ నీళ్లు మంచినీళ్లు. విసురుగా వచ్చి కొట్టే నీటికి ఐపీఎక్స్‌ 6 అని వేరే పరీక్ష ఉంది, మొదటిది పాసైనంత మాత్రాన రెండోది పాసైనట్టు కాదు. పైగా ఎండకు కాలిన పరికరం చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, సీలు పక్కనుంచి నీళ్లని లోపలికి లాక్కుంటుంది. ఒడ్డున ఉన్నంతసేపూ నీడలో పెట్టండి. వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగండి. చార్జింగ్‌ పోర్టులో ఉప్పు తడి ఉండగా కేబుల్‌ పెడితే పిన్నుల్ని తుప్పు తినేస్తుంది, పూర్తిగా ఆరనివ్వండి. పిన్నుల మీద ఇప్పటికే ఆకుపచ్చ మరక కనిపిస్తుంటే కేబుల్‌ పెట్టొద్దు, సర్వీస్‌కి ఇవ్వండి.