సినిమా చూసి ఉప్పునీటి చేపలు కొనొచ్చా? కోనసీమ నుంచి నా అనుభవం

మీరు రెండు సంగతులు అడిగారు. చేపల సినిమాలు వచ్చాక ఉప్పునీటి అక్వేరియం చేపలకి గిరాకీ నిజంగా పెరుగుతుందా అన్నది ఒకటి. మీ బాబు టీవీలో చూసి నీమో కావాలంటున్నాడు, భీమవరంలో ఇంట్లో పెంచడం అయ్యే పనేనా అన్నది రెండోది. నేను రాజోలు దగ్గర రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తాను. ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఉప్పునీటి తొట్టి ఉంది.

నేను చూసినంతలో సినిమా వల్ల అడిగేవాళ్లు పెరుగుతారు, కొనేవాళ్లు అంతగా పెరగరు. 'ఫైండింగ్ నీమో' 2003లో వచ్చింది. అందులో నీమో క్లౌన్ చేప. దాని దెబ్బకి పగడపు దిబ్బల మీద క్లౌన్ చేపలు ఖాళీ అయిపోయాయన్న మాట అప్పట్నించీ వింటూనే ఉన్నాం. 2016లో 'ఫైండింగ్ డోరీ' వచ్చాక ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఈ మాటలో నిజమెంతో లెక్కలు తీశారు. డోరీది బ్లూ టాంగ్ అనే జాతి. సినిమా విడుదలైన రెండు మూడు వారాలకి ఇంటర్నెట్‌లో ఆ చేప గురించి వెతకడం పెరిగింది. అమెరికాకి దిగుమతైన బ్లూ టాంగ్‌లలో మాత్రం చెప్పుకోదగ్గ పెరుగుదల కనపడలేదు.

మా ల్యాబులోనూ అంతే. ఆ ఏడాది నీళ్ల సీసాలు తెచ్చిన రైతులు "మన చెరువు నీళ్లలో ఆ నారింజ చారల చేప బతుకుద్దాండి, పిల్లలు పీక్కుతింటన్నారు" అని అడిగేవారు. సముద్రపు ఉప్పు, లైట్లు, ఫిల్టరు, కరెంటు పోతే ఇన్వర్టరు అని చెప్పేసరికి చాలామంది గోల్డ్‌ఫిష్‌తో సరిపెట్టేశారు. రొయ్యల కోసం రాత్రిళ్లు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల దగ్గర కాపలా కాసేవాళ్లకి నీళ్లతో పనంటే ఏమిటో తెలుసు.

అయినా లెక్క పెరగలేదని నిశ్చింతగా ఉండలేను. సినిమా ప్రభావంతో నిజంగా కొనేసినవాళ్లు కొద్దిమందే కావచ్చు, కానీ వాళ్లు కొనేది సరిగ్గా కొనకూడని చేప. ఆ కొద్దిమందిలో నేనూ ఉన్నాను.

2016 దసరా సెలవుల్లో మా అమ్మాయికి ఏడేళ్లు. డోరీ కావాలంది. నగరంలో ఓ దుకాణానికి వెళ్లి రూపాయి బిళ్లంత బ్లూ టాంగ్‌ని, రెండు క్లౌన్ చేపల్ని తెచ్చాను. రెండడుగుల తొట్టి చాలన్నారు. ఆ జాతి అడుగు పొడవు పెరుగుతుందనీ, ఈదడానికి ఆరడుగుల తొట్టయినా కావాలనీ ఒక్కరూ చెప్పలేదు. అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర క్యాన్లతో నీళ్లు పట్టాను. గోదావరి ఇంకా ఎర్రగానే పారుతోంది. ఇంటికొచ్చి సెలినిటీ, అంటే నీళ్లలో ఉప్పు వెయ్యికి ఎన్ని పాళ్లుందో చూస్తే 14. పగడపు దిబ్బల చేపకి 33 నుంచి 35 ఉండాలి. తక్కువైనదాన్ని రాళ్లుప్పుతో సరిచేశాను. రాళ్లుప్పంటే దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం అందులో సరిపడా ఉండవు. చెరువుల్లో మినరల్స్ చల్లమని రోజూ చెప్పే మనిషిని, ఆ తొందరలో ఆ పని చేశాను.

తొమ్మిదో రోజున నీలం ఒంటి మీద తెల్లటి చుక్కలు. మన జిల్లాల్లో వైట్ స్పాట్ అనగానే గుండె జారుతుంది, ఎన్ని చెరువులు తుడిచిపెట్టుకుపోయాయో మీకూ తెలుసు. రొయ్యలకి వచ్చే వైట్ స్పాట్ వైరస్ వల్ల. చేపకి వచ్చింది వేరు, కంటికి ఆనని ఏకకణ పరాన్నజీవి. బ్లూ టాంగ్‌కి ఇది మరీ త్వరగా సోకుతుంది. రాగి మందుతో పోతుంది గానీ చేపని విడిగా వేరే తొట్టిలో పెట్టి చెయ్యాలి. నా దగ్గర రెండో తొట్టి లేదు. పదమూడో రోజు అది పోయింది, వెనకే ఒక క్లౌన్ చేప పోయింది. మా అమ్మాయి రెండ్రోజులు తొట్టివైపు చూడలేదు. ఆ చేప ఏ దేశపు దిబ్బ మీంచి వచ్చిందో అని నేను ఇప్పటికీ అనుకుంటాను. బ్లూ టాంగ్‌ని మనుషులు మొదటిసారి పుట్టించి పెంచగలిగింది ఆ 2016లోనే, ఫ్లోరిడాలో. అమ్మకానికి వచ్చేవి దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే. ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో కొన్నిచోట్ల సైనైడు చల్లి, మత్తెక్కించి పడతారు.

క్లౌన్ చేప సంగతి వేరు. అది ఎన్నో ఏళ్లుగా హేచరీల్లో పుడుతోంది. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా దాన్ని పొదిగించే పద్ధతి సాధించింది. అంటే మీ బాబు అడిగిన చేప దొరకడం కష్టం కాదు, దాని కోసం సముద్రాన్ని దోచక్కర్లేదు. కొనేటప్పుడు హేచరీలో పుట్టిందేనా అని గట్టిగా అడగండి. ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి. ఇవన్నీ మగవిగా పుడతాయి, జంటలో పెద్దది ఆడదవుతుంది. నా దగ్గర మిగిలినది ఇప్పుడు ఆడదే, ఇంకా ఉంది.

"పులస సముద్రంలోంచి గోదావరికి ఎదురీదుతుంది కదా, ఇది మాత్రం బోరు నీళ్లలో ఎందుకు బతకదు" అని మా మావయ్య అడిగాడు. మీకూ అనిపించవచ్చు. ఉప్పు మారినప్పుడల్లా తట్టుకునే శరీరం పులసది. క్లౌన్ చేప పుట్టిన దిబ్బల దగ్గర ఉప్పు ఏడాది పొడవునా పెద్దగా మారదు, కాబట్టి దానికి ఆ అలవాటు లేదు. వరదల కాలంలో మన తీరం నీళ్లు అసలు వద్దు. అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు కొని మంచినీళ్లలో కలపండి.

సినిమాలో ఉన్నట్టు ఎనిమొనీ (క్లౌన్ చేప దాక్కునే, పువ్వులా కనపడే సముద్ర జీవి) కూడా కావాలని పిల్లలు అడుగుతారు. అక్కర్లేదు, అది లేకుండానే క్లౌన్ చేప హాయిగా ఉంటుంది. గట్టి పగడాలు, సముద్రపు గుర్రాలు వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. ఎవరైనా చాటుగా ఇస్తామన్నా తీసుకోకండి.

ఎండాకాలం మనకి పెద్ద పరీక్ష. నీళ్లు 27 డిగ్రీలు దాటకుండా చూడాలి, మేలో భీమవరంలో ఫ్యాన్లు సరిపోవు, నీళ్లు చల్లబరిచే చిల్లరు యంత్రం ఖర్చు ముందే లెక్కేసుకోండి. తొట్టి పెట్టాక చేప లేకుండానే నాలుగు నుంచి ఆరు వారాలు నడపండి. చేపకి విషమైన అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకి వచ్చాకే కొనండి. మీ ఊళ్లో ఏ ఆక్వా ల్యాబుకైనా సీసాలో నీళ్లు పట్టుకెళ్తే చూసి చెప్తారు. బాబునీ వెంట తీసుకెళ్లండి.