మూడ్రోజుల్లో ఏడిళ్ళు తిరగొచ్చా?

సెలవులు మొదలయ్యాయో లేదో ఉత్తరాలన్నీ కారు ప్రయాణాల మీదే. కొన్ని దాదాపు ఒకేలా ఉంటే కలిపేశాను, మీ ప్రశ్న కాస్త మారినట్టు కనిపిస్తే ఏమనుకోకండి.

ప్రశ్న: అక్కా, నాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఈ లాంగ్ వీకెండ్‌కి మూడ్రోజులు సెలవు కలిసొచ్చిందని మా ఆయన పెద్ద ప్లాన్ వేశారు. శుక్రవారం ఆఫీసు నుంచి రాగానే రాత్రికి రాత్రే బయల్దేరి మా ఆడపడుచు ఇల్లు, మా పిన్ని ఇల్లు, ఆయన కాలేజీ ఫ్రెండ్స్ ఇద్దరి ఇళ్ళు, మా అన్నయ్య, ఆయన మేనత్త, తిరుగుదారిలో ఇదివరకు మా పక్కింట్లో ఉన్నవాళ్ళు, మొత్తం ఏడిళ్ళు. అటూ ఇటూ కలిపి 640 కిలోమీటర్లు. డ్రైవింగ్ ఆయనొక్కరే, నాకు రాదు. రాత్రయితే ట్రాఫిక్ ఉండదు పిల్లలు పడుకుంటారు హాయిగా పోవచ్చు అంటారు. నేను వద్దంటే, మీవాళ్ళింటికైతే రెడీ మావాళ్ళింటికైతే వంకలు అని గొడవ. ఏం చెయ్యమంటారు?

జవాబు: గొడవ పక్కన పెట్టి ముందు లెక్క చూద్దాం, లెక్కకి మీవాళ్ళు మావాళ్ళు అని ఉండదు కదా. ఒక్కో ఇంట్లో ఎంత తొందరపడ్డా రెండు గంటలు, లేచాక గుమ్మం దగ్గర ఓ పావుగంట, కారు దగ్గర ఇంకో పావుగంట (అసలు కబుర్లన్నీ అక్కడే గుర్తొస్తాయి, ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు). అంటే ఇంటికి రెండున్నర, ఏడిళ్ళకి పదిహేడున్నర గంటలు. 640 కిలోమీటర్లకి మధ్యలో ఆగడాలు, ఊళ్ళల్లో ట్రాఫిక్ అన్నీ కలుపుకుని గంటకి 50 చొప్పున వేసుకుంటే 13 గంటల దాకా పడుతుంది. రెండూ కలిపితే ముప్ఫై దాటింది. పిల్లలు ఏడవకుండా విసుక్కోకుండా ఉండే టైము రోజుకి పన్నెండు గంటలు అనుకున్నా మూడ్రోజులకి ముప్ఫయ్యారు. మిగిలిన ఐదారు గంటల్లోనే స్నానాలు, బట్టలు సర్దుకోవడాలు, చిన్నాడి చెప్పు ఒకటి ఎక్కడో మర్చిపోవడాలు. ఈ కాగితం మీ ఆయన ముందు పెట్టండి, ఆయన వేసిన ప్లానే కదా, ఆయన్నే కూడమనండి.

ఇక రాత్రి ప్రయాణం. ఇది మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. శుక్రవారం పొద్దున ఆరింటికి లేచిన మనిషికి రాత్రి పదకొండయ్యేసరికి 17 గంటలు మెలకువ అయిపోతుంది. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు, 17 గంటలు మేలుకున్న మనిషి చేతి చురుకు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందట. చాలా దేశాల్లో తాగి నడిపాడని పట్టుకునే గీత అదే. అంటే మీ ఆయన చుక్క ముట్టకపోయినా సరే, మిమ్మల్నీ పిల్లల్నీ కూర్చోబెట్టుకుని ఆ స్థితిలో స్టీరింగ్ పట్టుకుంటున్నట్టు. పైగా తెల్లవారుజామున రెండు నుంచి ఐదారు మధ్య ఒంటికి నిద్ర కమ్ముకొచ్చే టైము, ఎంత గట్టివాడికైనా. 100 స్పీడులో నాలుగు సెకన్లు రెప్ప పడితే కారు 110 మీటర్లు దానంతటదే వెళ్ళిపోతుంది. ట్రాఫిక్ లేదు కదా అనే ధీమా కూడా అక్కడే దెబ్బ కొడుతుంది, ఖాళీ రోడ్డు మీద చెయ్యడానికి ఏం ఉండదు కాబట్టి నిద్ర ఇంకా తొందరగా వస్తుంది.

అద్దం దించుకుంటా, పాటలు పెద్దగా పెట్టుకుంటా అంటారు. అవి కాసేపు లేపుతాయి తప్ప నిద్రని తీర్చవు. నిద్రకి మందు నిద్రే. మరీ ఆవులింతలు వస్తుంటే సేఫ్‌గా ఆపుకునే చోట కారు ఆపి, ఒక కాఫీ తాగేసి వెంటనే పదిహేను ఇరవై నిమిషాలు కునుకు తియ్యమనండి. కాఫీ పని మొదలుపెట్టడానికి ఇంచుమించు అరగంట పడుతుంది, లేచేసరికి రెండూ కలిసొస్తాయి. ఇంకో చిన్న సంగతి, ఏసీని ఎప్పుడూ లోపలి గాలే తిప్పే మోడ్‌లో ఉంచేస్తారు చాలామంది, నలుగురు మనుషులున్న మూసిన కారులో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి తల బరువెక్కుతుంది. మధ్యమధ్యలో బయటి గాలి బటన్ నొక్కండి.

అయితే మరి ఏం చెయ్యాలి? రాత్రి శుభ్రంగా పడుకుని శనివారం తెల్లారుతూనే బయల్దేరండి. ఏడిళ్ళని మూడు చెయ్యండి. దారికి మధ్యలో ఉన్న ఒకరి ఇల్లు చూసుకుని రెండు రాత్రులూ అక్కడే దిగి, దగ్గర్లో ఉన్నవాళ్ళని అక్కడికే రమ్మనండి, ఆ ఇంటివాళ్ళని ముందే అడిగి సుమా. కాలేజీ ఫ్రెండ్స్ ఇద్దరూ ఒకరింట్లో కలిస్తే వాళ్ళకీ సంతోషమే, ఏడేళ్ళయి వాళ్ళిద్దరూ కలుసుకుని ఉండరు ఎవరికి తెలుసు. ఒక ఇల్లు మీవైపు, ఒకటి ఆయన వైపు, ఒకటి ఫ్రెండ్స్, ఇంక గొడవ దేనికి?

ఈసారి వెళ్ళని ఇళ్ళ సంగతి మాత్రం జాగ్రత్త. "ఇంత దగ్గరిదాకా వచ్చి మా గడప తొక్కలేదు" అనే మాట ఎక్కడ పుడుతుందో తెలుసా, మీ స్టేటస్‌లో ఫొటో చూసినప్పుడు. దాచడం ఒక దారి అనుకుంటారు గానీ దాగదు, ఎవరో ఒక పిన్ని చెప్పేస్తుంది. బయల్దేరే ముందే ఫోన్ చేసి, ఈసారి ఇటు రాలేకపోతున్నాం మేనత్తా, వచ్చే సెలవులకి ఓ రోజు పూర్తిగా మీ దగ్గరే ఉంటాం అని చెప్పండి. పావుగంట కూర్చుని వాచీ చూసుకునే చుట్టం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. ఆ ఫోన్ మీ ఆయన చెయ్యాలి, మీరు కాదు. ఆయన మేనత్త కదా.

ప్రశ్న: మా పాపకి ఆరేళ్ళు. కారెక్కిన అరగంటకే వాంతి. బిజీగా ఉంటుందని ఫోన్‌లో కార్టూన్ పెట్టిస్తున్నా తగ్గట్లేదు. మా అత్తగారేమో ఏమీ పెట్టకుండా ఎక్కించమంటారు.

జవాబు: ఆ ఫోనే కొంప ముంచుతోంది తల్లీ. లోపలి చెవి కదులుతున్నాం అని చెప్తుంటే కళ్ళేమో కదలని స్క్రీన్ చూస్తూ లేదు ఇక్కడే ఉన్నాం అంటాయి, ఆ రెంటి తగువులోంచి వచ్చేదే ఈ తిప్పు. రెండు నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లల్లో ఎక్కువ, పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గిపోతుంది. ఫోన్ తీసేసి దూరంగా బయటికి చూడనివ్వండి, చైల్డ్ సీటు సరిగ్గా బిగించే వీలుంటే వెనక సీటు మధ్యలో, ముందద్దంలోంచి రోడ్డు కనపడేలా కూర్చోబెట్టండి. ముందు సీట్లోకి మాత్రం తీసుకురావద్దు, పన్నెండేళ్ళు నిండేదాకా వెనకే. ఖాళీ కడుపూ మంచిది కాదు నిండు కడుపూ మంచిది కాదు, తేలిగ్గా ఏదైనా కొంచెం పెట్టండి. మందులు వాంతి మొదలయ్యాక వేస్తే లాభం లేదు, ఎక్కకముందే వెయ్యాలి, ఏది ఎంత అనేది పిల్లల డాక్టర్ని అడగండి. ప్రతి పది నిమిషాలకీ "వస్తోందా? వస్తోందా?" అని అడక్కండి, లేనిది కూడా వస్తుంది. మలుపుల దగ్గర మెల్లగా తిప్పమని, బ్రేకు మీద ఎక్కి తొక్కొద్దని డ్రైవర్‌కి చెప్పండి, నడిపేవాళ్ళకి తిప్పు రాదు కదా, వాళ్ళకి వెనక సీటు బాధ తెలీదు.

ప్రశ్న: ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించాలంటున్నారు నిజమేనా?

జవాబు: కాదు. ఇది ఎవరు పుట్టించారో గానీ ఏళ్ళ తరబడి తిరుగుతోంది. గాలి తక్కువైతేనే టైరు పక్కలు ఎక్కువ నలిగి లోపల వేడెక్కి పగులుతుంది. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ మీద నంబర్ ఉంటుంది, నిండా మనుషులు సామాన్లు ఉన్నప్పుడు ఎంతో వేరేగా రాసి ఉంటుంది, అది పట్టించండి. టైరు పక్కన ముద్రించింది గరిష్ఠం, అది కాదు. బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. దారిలో వేడి మీద ఎక్కువ చూపించిందని తీసెయ్యకండి. స్టెప్నీలో కూడా గాలి చూడండి, దాన్ని ఎవరూ చూడరు. టైరు మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని, పైకి బాగానే కనపడుతున్నా ముసలి టైరేమో అక్కడ తెలిసిపోతుంది.

గాలి చూసేటప్పుడే కూలెంట్ కూడా, అదే, ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. నేను చూడలేదు ఒకసారి. మధ్యాహ్నం రోడ్డు మధ్యలో వేడి ముల్లు పైకెళ్ళి బానెట్ కింద పొగలు. అందరం దిగాం, మా ఆయన గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోతుంటే అటుగా వెళ్తున్న లారీ డ్రైవర్ ఒకాయన బండాపి మరీ అరిచాడు, ముట్టుకోకండి సార్ అని. లోపల నీళ్ళు ప్రెషర్‌లో ఉండి నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఆగి ఉంటాయి, మూత తియ్యగానే ఒక్కసారి ఎగజిమ్మి మొహం మీద పడతాయి. ముల్లు ఎక్కుతోందనగానే ఏసీ ఆపేసి, నమ్మండి, హీటర్ ఫుల్లుగా పెట్టాలి, ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. పక్కకి ఆపి ఇంజిన్ కట్టేసి పూర్తిగా చల్లారేదాకా మూత జోలికి పోకూడదు. ఆ లారీ ఆయన పేరు కూడా అడగలేదు మేము.

ప్రశ్న: మా నాన్నగారికి 71, షుగరు, ఇన్సులిన్ మీద ఉన్నారు. చెల్లి ఇంటికి ఆరు గంటల ప్రయాణం. బాత్రూమ్ ఇబ్బంది అని ఆయనా అమ్మా ఇద్దరూ పొద్దుట్నుంచీ నీళ్ళు తాగడం మానేస్తారు.

జవాబు: మీ ఇంట్లోనే కాదు బాబూ, ప్రతి ఇంట్లో పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు చేసే పనే ఇది, పైకి చెప్పరు అంతే. చెప్పి మాన్పించలేం. ఆగే చోట్లు ముందే చూసిపెట్టుకుని, రెండు గంటలకోసారి ఖచ్చితంగా ఆపుతాను అని మాటివ్వండి, ఆపండి, వాళ్ళు అడిగేదాకా చూడకండి. నమ్మకం కుదిరాక వాళ్ళే తాగుతారు. ఆగినప్పుడు నాలుగడుగులు వేయించండి, కారులో ఉన్నప్పుడు మడమలు పైకీ కిందకీ ఆడించమనండి, గంటల తరబడి కాళ్ళు వేలాడేస్తే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఇన్సులిన్ డాష్‌బోర్డులో, డిక్కీలో పెట్టొద్దు. వాడుతున్న పెన్ను మామూలుగా 30 డిగ్రీల లోపు ఉండాలి, ఆగిన కారులో అది నిమిషాల్లో దాటిపోతుంది. అలాగని ఐసుకి ఆనించినా పాడే, గడ్డకడితే పనికిరాదు. కూలింగ్ బ్యాగులో గుడ్డ చుట్టి, మీరు దిగినప్పుడల్లా మీతోనే దించండి. తినే టైము మారితే డోసు ఎలా అని డాక్టర్ని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: బాబు నిద్రపోతుంటే లేపడం ఇష్టంలేక ఏసీ ఆపి అద్దాలు కాస్త దించి ఐదు నిమిషాలు కొట్లోకి వెళ్ళొస్తే తప్పా?

జవాబు: తప్పే. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎండలో ఆపిన కారు గంటలో సగటున 22 డిగ్రీలు వేడెక్కింది, అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే, అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా లేదు. ఐదు నిమిషాలు అనుకున్నది క్యూలో ఇరవై అవుతుంది. లేపండి, ఏడిస్తే ఏడుస్తాడు.

ప్రశ్న: అందరూ వెళ్ళేవాళ్ళ గురించే రాస్తారు. మా ఇంటికి వచ్చేవాళ్ళతో మా బాధ ఎవరికి చెప్పుకోవాలి? "శనివారం వస్తాం" అంటారు, ఏ పూటో చెప్పరు. ఫోన్ చేస్తే దారిలో ఉన్నాం, ఇదిగో అరగంట అంటారు. ఆ అరగంట మూడు గంటలు. వండినవన్నీ చల్లారిపోయి నేను వేడెక్కిపోతాను.

జవాబు: ఈ ఉత్తరం చదివి గట్టిగా నవ్వాను, క్షమించండి. "శనివారం వస్తాం" అన్నప్పుడే "పొద్దున్నా, భోజనానికా, సాయంత్రమా?" అని అడిగెయ్యండి, మొహమాటపడితే మూడు పూటలా మీరే ఎదురుచూడాలి. బయల్దేరాక పక్క సీట్లో ఉన్నవాళ్ళని లొకేషన్ షేర్ చెయ్యమనండి. ఒక్కటి మాత్రం, నడిపేవాళ్ళకి ఫోన్ చెయ్యకండి. "ఎక్కడిదాకా వచ్చారు?" అని మీరు మూడోసారి అడిగితే ఆయన కాలు యాక్సిలరేటర్ మీద ఇంకొంచెం దిగుతుంది. చివరి 60 కిలోమీటర్లు 80లో వస్తే 45 నిమిషాలు, 100లో వస్తే 36. తొమ్మిది నిమిషాల కోసం మీ కూర చల్లారదులెండి.

వాళ్ళు తిన్నాక కూడా మీకో పనుంది. మనం బలవంతంగా ఇంకొంచెం ఇంకొంచెం అని వడ్డించి, సరిగ్గా రెండింటికి చేతిలో సంచి పెట్టి పంపించేస్తాం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు ఒళ్ళు మత్తెక్కే రెండో టైము. ఆ నడిపే మనిషికి లోపల గదిలో కర్టెన్ వేసి, పిల్లల్ని బయటికి తోలి, ఓ అరగంట పడుకోనివ్వండి. లేచాక టీ ఇవ్వండి. గేటు దగ్గర కబుర్లు ఎలాగూ ఇంకో అరగంట ఉంటాయి.