స్టీరింగ్ చిన్నదైతే కారు చురుకవుతుందా?

ప్రశ్న: మాది 2016 నాటి పోలో జీటీ టీఎస్‌ఐ. స్టీరింగ్ మీది తోలు అరిగి నున్నబడి చెయ్యి జారుతోంది. దాని బదులు 320 మిల్లీమీటర్ల సూయెడ్ (నూగు తోలు) స్టీరింగ్ బిగించాలని ఉంది. మలుపుల్లో కారు ఇంకా చురుగ్గా తిరుగుతుందని, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలగకుండా ఒక రెసిస్టర్ పెడితే చాలని దుకాణంలో చెప్పారు. మోమో మంచిదా, నార్డీ మంచిదా?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: కంపెనీ సంగతి తర్వాత. ఆ రెసిస్టర్ పెడతానన్న మనిషికి మీ కారు అప్పగించకండి.

ఎయిర్‌బ్యాగ్ తీసేసి దాని తీగలకు రెసిస్టర్ కలిపితే, బ్యాగ్ అక్కడే ఉందని కంప్యూటర్ నమ్ముతుంది, దీపం ఆరుతుంది. కారు దేన్నైనా ఢీకొన్న క్షణాన మాత్రం మీ ముఖానికి ఎదురుగా ఉండేది అల్యూమినియం, ఆరు బోల్టులు. బెల్టు పెట్టుకున్నా తల ముందుకు విసురుగా వస్తుంది. దాన్ని ఆపడానికే కదా, రెప్పపాటుకన్నా ముందే ఉబ్బే ఆ సంచి! మన దేశంలో కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జులైలో. మీ కారుకు అది అంతకు ముందే ఉంది. దయచేసి తీయించకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఇష్టం వచ్చిన మార్పులను ఒప్పుకోదు, బీమా దగ్గరా పేచీ రావచ్చు.

ఇక చురుకు. పైన ఎంత చిన్న స్టీరింగ్ బిగించినా కింద చక్రాలను తిప్పే పళ్ళ కడ్డీ (ర్యాక్) లెక్క మారదు. అదే మలుపుకు అన్నే డిగ్రీలు తిప్పాలి. చేతులు కదిలే దూరం తగ్గడంవల్ల చురుగ్గా అనిపిస్తుంది, అంతే. 370 మిల్లీమీటర్ల నుంచి 320కి దిగితే దాదాపు 16 శాతం ఎక్కువ బలం పెట్టాలి. స్టీరింగ్ అంచు స్పీడోమీటర్‌కు అడ్డం వచ్చినా రావచ్చు.

చేతి తొడుగులు వేసుకునే రేసు డ్రైవర్లకు సూయెడ్ బాగుంటుంది. విజయవాడ ఎండలో ఉత్త చేతుల చెమటకు దాని నూగు అణిగి, జిడ్డుబారి, మీ పాత తోలుకన్నా జారుతుంది.

రోడ్డెక్కని ట్రాక్ కారు అయితే వేరే మాట. హెల్మెట్, భుజాల మీదుగా వచ్చే హార్నెస్ బెల్టు, రోల్‌కేజ్ (కారు లోపలి ఇనుప చట్రం) ఉన్నచోట 350 మిల్లీమీటర్ల తోలు స్టీరింగ్ హాయిగా ఉంటుంది. మోమోకు ఆరు బోల్టుల వలయం వ్యాసం 70 మిల్లీమీటర్లు, నార్డీకి 74. కారు షాఫ్టుకూ స్టీరింగుకూ నడుమ బిగించే బాస్ కిట్‌ను దానికి సరిపడేది చూసి కొనాలి. రంధ్రాలు సాగదీసి సరిపెడతామనే వారి దగ్గరికి వెళ్ళకండి.

మీకు కావలసింది పట్టు. అది ఉన్న స్టీరింగుతోనే వస్తుంది. చేతికుట్టు తెలిసిన సీటు పనివారితో, చేతులు ఆనేచోట చిన్న చిల్లులున్న తోలు వేయించి, బొటనవేళ్ళ దగ్గర కాస్త మందం పెట్టించండి. పైన తొడిగే కవరు వద్దు, మలుపు మధ్యలో అది తిరిగితే ప్రమాదం.

స్టీరింగ్ ఊడదీసేది మాత్రం ఎయిర్‌బ్యాగ్ పని తెలిసిన మెకానిక్కే. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. తీసిన బ్యాగును అలంకార ముఖం పైకి ఉండేలా పెట్టాలి. ముందు చక్రాలు తిన్నగా ఉంచి, స్టీరింగ్ లేనప్పుడు దాని వెనక తీగ చుట్ట ఉండే క్లాక్ స్ప్రింగ్‌ను ఎవరూ తిప్పకుండా చూడండి. తిప్పితే లోపలి రిబ్బన్ కేబుల్ తెగి, హారన్‌తోపాటు ఎయిర్‌బ్యాగ్ కూడా పనిచేయదు.