నడుములో మత్తు సూది ఇస్తే కాళ్లు పడిపోతాయా?

మర్రిగూడలో ఉండే మీ అమ్మగారికి గర్భసంచి ఆపరేషన్ అని, నడుములో మత్తు ఇస్తే కాళ్లు పడిపోతాయని చుట్టాలు భయపెడుతున్నారని రాశారు. టెన్షన్ పడకండి, కొన్ని గంటలు కదలవు, అంతే. నాకు నల్లగొండలో హెర్నియా ఆపరేషన్ ఆ సూదితోనే చేశారు.

అందులో ఎక్కువగా వాడేది బుపివకేన్, 1957లో స్వీడన్‌లో కనిపెట్టిన మందు. నరంలోకి సోడియం పోయే దారిని మూసేస్తుంది, ఇక నొప్పి కబురు మెదడుకు చేరదు. పన్ను పీకేటప్పుడు ఇచ్చే లిగ్నోకేన్ తొందరగా దిగిపోతుంది, ఇదేమో నరాన్ని అంత తొందరగా వదలదు, వెన్నులో ఇస్తే రెండు నుంచి నాలుగు గంటలు పనిచేస్తుంది. రక్తనాళంలోకి ఎక్కువగా పోతే గుండెకు ప్రమాదమైన మాట నిజమే గానీ వెన్నులోకి ఇచ్చేది రెండు మూడు మిల్లీలీటర్లే.

నన్ను కూర్చోబెట్టి, వీపు వంచి గడ్డం ఛాతీకి ఆనించమన్నారు. సూది చీమ కుట్టినట్టే ఉంది. కాసేపటికే పాదాలు వెచ్చబడి, తర్వాత బరువెక్కాయి. మత్తు డాక్టరు స్పిరిట్ దూది పొట్టకు తాకించి చల్లగా ఉందా అని అడిగాడు, దూది తగలడం తెలుస్తోంది గానీ చల్లదనం లేదు. మధ్యలో వణుకు వచ్చింది, చాలామందికి వస్తుందట. బీపీ కూడా తగ్గొచ్చు, కడుపులో తిప్పితే వెంటనే చెప్పమనండి, దానికి మందు ఉంది.

అసలు తిప్పలు మత్తు దిగేటప్పుడు. మీద దుప్పటి తగలడం తెలుస్తున్నప్పుడే కోత దగ్గర మంట మొదలైంది, అప్పుడు నర్సును పిలిస్తే ఆమె వచ్చి ఇంజెక్షన్ చేసి అది పనిచేసేసరికి చుక్కలు కనిపించాయి. అందుకే కాలివేళ్లు కదలడం మొదలవగానే నొప్పి మందు అడగండి. మత్తు పూర్తిగా దిగకముందు ఎవరి సాయమూ లేకుండా మంచం దిగనివ్వొద్దు.

ఇంకోటి, మీ వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. ఫ్లోరైడ్‌తో వెన్నెముక బిగుసుకుపోయిన పెద్దవాళ్లకు ఎముకల సందులో సూది దిగడం కష్టం. అమ్మగారు వంగలేకపోతున్నా, రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటున్నా మత్తు డాక్టరుకు ముందే చెప్పండి, అవసరమైతే పూర్తి మత్తు ఇస్తారు. ఆపరేషన్ తర్వాత లేచి కూర్చుంటే తలనొప్పి ఎక్కువై, పడుకుంటే తగ్గుతుంటే అది సూది వల్లే కావచ్చు, ఓర్చుకోకుండా డాక్టరుకు చూపించండి.