స్లైడ్ ఉన్న మోటార్‌హోమ్ కొంటున్న మేనల్లుడికి

ఒరేయ్ అబ్బాయ్,

నువ్వు మోటార్‌హోమ్‌కి, అదే, లోపల ఇల్లులా ఉండే బండికి అడ్వాన్స్ కట్టావని, అదీ బండి ఆపాక పక్క గోడ కొంత గదితో సహా బయటికి జరిగే స్లైడ్ ఉన్నదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కొనొద్దని నేను చెప్పను, నేనూ కొన్నవాణ్ణే, ఇప్పటికీ అమ్మలేదు, మీ అత్తయ్య అమ్మనివ్వదు కూడా. కానీ డెలివరీ ఇంకా తీసుకోలేదు కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. ఆ బండిలో నీకు టెన్షన్ పెట్టేది ఇంజనూ కాదు, ఏసీ కాదు, ఆ స్లైడే. దాని గురించి నీ మాట చెల్లేది బ్యాలెన్స్ డబ్బు నీ దగ్గర ఉన్నంత వరకే. పూర్తిగా కట్టేశాక నువ్వు సర్వీస్ సెంటర్ వరండాలో కూర్చునే పదిమందిలో ఒకడివి.

ముందు అసలు అది ఎందుకు మొరాయిస్తుందో అర్థం చేసుకో. ఎక్కువగా కనిపించే రకంలో స్లైడ్ గదికి రెండు పక్కలా గోడలోనే పళ్ల పట్టాలు ఉంటాయి, ఒక్కో పక్కకి ఒక్కో చిన్న మోటారు. రెండూ సమానంగా తిరగాలి. ఎంత తిరిగాయో కంట్రోలర్ లెక్కపెడుతూ ఉంటుంది. పాత టేకు బల్ల సొరుగుని ఒక చేత్తో ఒక మూల పట్టుకుని లాగితే అడ్డం పడి బిగుసుకుంటుంది చూశావూ, ఒక మోటారు వెనకబడితే అచ్చం అదే జరుగుతుంది. బ్యాటరీ డల్‌గా ఉన్నా, వైర్ సన్నదై మోటారు దాకా వెళ్లేసరికి ఓల్టేజి పడిపోయినా, సోఫా కింద చెప్పు అడ్డంపడినా కథ ఇదే. ఇంకొకటి, చాలామంది స్విచ్ నొక్కి గది బయటికి రాగానే చెయ్యి తీసేస్తారు. అలా చెయ్యకు. మోటార్లు వాటంతట అవే ఆగేదాకా నొక్కి పట్టుకో, రెండూ సమానమయ్యేది ఆ చివర్లోనే. సగం తీసి సగం మూసి ఆడుకుంటే కొన్నాళ్లకి లెక్క తప్పుతుంది.

మాది లేపాక్షి దగ్గర వానలో ఇరుక్కుంది. లోపలికి వస్తూ వస్తూ ముందు మూల గోడకి ఆనుకుంది, వెనక మూల అరచెయ్యి వెడల్పున బయటే నిలబడిపోయింది. టార్చ్ వేసి చూస్తే పై అంచు రబ్బరు సీలు నాలుకలా లోపలికి మడత పడి ఉంది, ఆ మడతలోంచి నీళ్లు ధారగా దిగి సోఫా వెనక ప్లైవుడ్‌లోకి ఇంకుతున్నాయి. కరెంటు లేకుండా చేత్తో మూసే పద్ధతి ఒకటి ఉంటుంది, మా దానికైతే మోటారు బ్రేక్ వదిలించి సాకెట్, ర్యాచెట్‌తో తిప్పాలి. ఆ మోటారు తల ఎక్కడుందో తెలియాలి కదా? మా బండిలో దాన్ని అల్మరా పలక వెనక పెట్టి పైన లామినేట్ అతికించేశారు! కనుక డెలివరీ రోజు నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న, కరెంటు లేకుండా దీన్ని ఎలా మూస్తారో నా ముందు మూసి చూపించండి అని. చూపించలేకపోతే ఆ రోజు బండి తీసుకోవద్దు. ముహూర్తం పోతుందని మీ అమ్మ అంటుంది, పోనీ, ఇంకో ముహూర్తం పెట్టించుకోవచ్చు.

డెలివరీకి మధ్యాహ్నం వెళ్లి స్వీట్ బాక్స్ తీసుకుని వచ్చెయ్యకు. పొద్దున్నే వెళ్లు. స్లైడ్‌ని ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద పదే పదే తీయించి మూయించు, మోటారు దగ్గర మల్టీమీటర్ పెట్టించి స్లైడ్ కదులుతున్నప్పుడు ఓల్టేజి ఎంత పడిపోతోందో చూడు. సీలుకీ గోడకీ మధ్య కాగితం పెట్టి లాగితే బిగువుగా రావాలి, ఊరికే జారి వచ్చేస్తే అక్కడ నీళ్లు వస్తాయి. పైనుంచి హోస్‌తో నీళ్లు కొట్టించి లోపల మూలల్లో అరచెయ్యి పెట్టి చూడు. బండిని లెవెల్ చేశాక, అంటే ఎటూ వాలకుండా సమంగా నిలిపాక స్లైడ్ తియ్యాలా, తీశాక లెవెల్ చెయ్యాలా అన్నది ఒక్కో తయారీదారు ఒక్కోలా చెబుతాడు. నీ బండికి ఏది సరైనదో రాయించుకుని తీసుకో, లేకపోతే రేపు ఏం పాడైనా "మీరు తప్పుగా వాడారు సార్" అంటారు.

వారంటీ సంగతి ఇంకో తలనొప్పి. నీ బండి ఒక కంపెనీ చేసింది కాదు. ఛాసిస్ ఒకరిది, బాడీ ఇంకొకరిది, స్లైడ్ మోటారు, ఫ్రిజ్, ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ తలా ఒకరిది. ఏదైనా వస్తే తిలాపాపం తలా పిడికెడు. మోటారు బాగానే ఉంది, గోడ వంగింది అని మోటారు వాడు. గోడ నిక్కచ్చిగానే ఉంది, మోటారే వీకు అని బాడీ బిల్డర్. మా బిల్డరు అయితే చివరికి బెంగళూరు రోడ్ల గుంతల మీదికి తోసేశాడు, మరి బండి రోడ్డు మీద కాక ఎక్కడ తిరుగుతుంది? అందుకని బిల్డర్ దగ్గర ఒక వాక్యం రాయించుకో. స్లైడ్ మొత్తానికి, అంటే మోటారు, కంట్రోలర్, సీళ్లు, దాని చుట్టూ గోడ, నేల, అన్నిటికీ తనదే ఒకే బాధ్యత అని. బ్రోషర్‌లో ఉంది కదా అనకు, సంతకం ఉన్న అగ్రిమెంట్‌లో ఉండాలి.

ఇంకా ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది, వారంటీ ఎప్పటినుంచి మొదలవుతుంది? ఛాసిస్‌కి సాధారణంగా దాని బిల్లు తేదీ నుంచో, అమ్మిన తేదీ నుంచో లెక్కేస్తారు. అది బాడీ బిల్డర్ యార్డులో ఎండకి ఎండి వానకి తడుస్తూ నెలలు కూర్చుంటుంది, నువ్వు తాళాలు తీసుకునేసరికి సగం వారంటీ తిరక్కుండానే అయిపోతుంది. స్లైడ్ మోటారుకైతే బిల్డర్ కొన్న తేదీ నుంచి లెక్కేసే వాళ్లూ ఉన్నారు. నీకు తాళం ఇచ్చిన రోజు నుంచి అని రాయించుకో, ప్రతి పరికరం సీరియల్ నంబరు, బిల్లు కాపీ తీసుకో.

అమెరికా వాళ్ల వీడియోలు చూసి లోపాల బండ్ల మీద ఉన్న లెమన్ లా అని, వారంటీల మీద ఉన్న మాగ్నసన్ మాస్ చట్టం అని నాకు మెసేజ్‌లు పెట్టకు. ఆ 1975 చట్టం వాళ్లది. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారయ్యే బండ్లకీ అక్కడి కొనుగోలుదార్లకీ అది పనికొస్తుంది, నీకు కాదు. మనకున్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించొచ్చు, ఒక్కోసారి అంతటితోనే కంపెనీ దారికొస్తుంది. రాకపోతే వినియోగదారుల కమిషన్‌లో కేసు. నువ్వు చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, దాటితే 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. ఛాసిస్‌కి ఒక బిల్లు, బాడీకి ఒక బిల్లు ఉంటే ఎక్కడ వెయ్యాలన్నది లాయర్‌తో కూర్చుని తేల్చుకో. బిల్డర్ కోయంబత్తూరులో ఉన్నా పుణెలో ఉన్నా నువ్వు ఉండే బెంగళూరులోనే కేసు వెయ్యొచ్చు, అది పెద్ద వెసులుబాటు. గడువు మాత్రం సమస్య తలెత్తినప్పటి నుంచి రెండేళ్లు. "పార్ట్ అమెరికా నుంచి వస్తోంది సార్, వచ్చే నెల" అని బిల్డర్ నెలలు దొర్లిస్తుంటే ఆ రెండేళ్లూ నీకు తెలియకుండానే కరిగిపోతాయి.

బండిని కంపెనీ పేరు మీద కొని తరుగుదల చూపించుకుందాం అని మీ ఆడిటర్ చెప్పి ఉంటాడు. ఆదా అయ్యే పన్ను సంగతి సరే, వ్యాపారం కోసం కొన్నవాడు ఆ చట్టం కింద వినియోగదారుడు కాదు. అవతలి లాయర్ మొదట పట్టుకునేది ఆ పాయింటే. వారాంతాల్లో అద్దెకి తిప్పుదామన్న ఆలోచన ఉన్నా అంతే. నా ఉద్దేశంలో నీ పేరు మీదే తీసుకో.

మొదటిసారి స్లైడ్ ఇబ్బంది పెట్టినప్పుడు ఫోన్ చేసి ఊరుకోకు. ముందు వీడియో తియ్యి, ఆ తర్వాత మెయిల్ పెట్టు. సర్వీస్‌కి ఇచ్చినప్పుడు జాబ్ కార్డ్ మీద "జనరల్ చెకప్" అని రాస్తారు, ఒప్పుకోకు. "స్లైడ్ వెనక మూల మూసుకోవడం లేదు, సీలు మడతపడి నీరు కారుతోంది" అని నీ మాటల్లోనే రాయించు. తిరిగి తీసుకునేటప్పుడు ఏం మార్చారో రాయించుకోకుండా గేట్ పాస్ మీద సంతకం పెట్టకు. వాళ్లు తేల్చేలోపు మనమే జేసీ రోడ్‌లో పార్ట్ కొనుక్కుని పీన్యాలో వెల్డింగ్ చేయించుకుందాం అనిపిస్తుంది, బెంగళూరులో అలాంటి పనోళ్లకి కొదవ లేదు కూడా. ఆగు. బయట చెయ్యి పడిందని వారంటీ రద్దంటారు, రేపు కమిషన్ నిపుణుడితో పరీక్ష చేయించాలన్నా చూపించడానికి లోపం మిగలదు.

కాగితాల్లో ఇంకొక్కటి. మోటార్ క్యారవాన్లకి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని కింద వచ్చిన అప్రూవల్ చూపించమను, అందులో ఉన్న డ్రాయింగ్‌లో స్లైడ్ ఉందో లేదో చూడు, ఆర్‌సీలో బండి రకం మోటార్ క్యారవాన్ అని ఉండాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక స్లైడ్ పెడతాం అనేవాడి జోలికి పోవద్దు. బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దగ్గర ఇరుక్కుంటావు, ఇన్సూరెన్స్ వాడూ చేతులెత్తేస్తాడు.

రోజువారీ జాగ్రత్తలు పెద్దవేం కావు. మూసే ముందు నిచ్చెనేసి స్లైడ్ పైకప్పు ఊడ్చు, మీ వైట్‌ఫీల్డ్ వీధిలో చెట్ల నుంచి రాలే పూలు, ఆకులూ సీలులో ఇరుక్కుని నీటిని లోపలికి లాగుతాయి. పట్టాలకి గ్రీజు పుయ్యకు, దుమ్ము పట్టి గట్టిపడుతుంది. ఆరిపోయే సిలికాన్ స్ప్రే చాలు.

అగ్రిమెంట్ డ్రాఫ్ట్ సంతకం పెట్టకముందే నాకు వాట్సాప్ చెయ్యి, ఫొటోలు కాదు, పీడీఎఫ్ పెట్టు, నా కళ్లకి ఆ వంకర ఫొటోలు కనబడవు. ఈ ఆదివారం హోస్కోటె యార్డుకి నేనూ వస్తా, మల్టీమీటర్ నా దగ్గరుంది. ఏడు లోపు బయల్దేరాలి, ఆ తర్వాత కేఆర్ పురం దాటడం మన వల్ల కాదు.

మీ మామయ్య