వానకి తడిసిన బండి స్టార్ట్ అవ్వట్లేదా, కొత్త ప్లగ్ కొనేముందు పాతది విప్పి చూడండి

మీది వంద సీసీ కార్బురేటర్ బండి, రెండ్రోజుల ముసురులో బయటే ఉంది, ఇప్పుడు ఎన్ని కిక్‌లు కొట్టినా స్టార్ట్ అందుకోవట్లేదు, స్పార్క్ ప్లగ్ (ఇంజిన్లో పెట్రోల్‌కి నిప్పురవ్వ అంటించేది) పోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి అని అడిగారు కదా. నేను సరిగ్గా ఇదే బాధ పడ్డాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది తెనాలి దగ్గర పల్లె. పొద్దున్నే నాలుగున్నరకల్లా పాల క్యాన్లు బండికి తగిలించుకుని బయల్దేరాలి, ఆలస్యమైతే కేంద్రంలో పాలు పోయించుకోవడం ఆపేస్తారు, ఇక ఆ పూట కష్టం అంతా పోయినట్టే. అలాంటిది ఒక శ్రావణమాసంలో బండి మొరాయించడం మొదలెట్టింది. కొత్త ప్లగ్ వేస్తే ఒక్క కిక్‌కే స్టార్ట్, నాలుగైదు రోజులు బ్రహ్మాండంగా తిరిగేది, మళ్ళీ ఓ పొద్దున అదే పరిస్థితి. మూడు వారాల్లో మూడు ప్లగ్గులు మార్చా. ఒకరు ప్లగ్గులు డూప్లికేట్ అన్నారు, ఇంకొకరు కార్బురేటర్ మార్చేయమన్నారు. చివరికి అసలు దోషం ఎక్కడుందో కింద చెప్తాను, ముందు మీరు చెయ్యాల్సింది చూద్దాం.

పెట్రోల్ కాక్ ఆన్‌లో ఉందా, కిల్ స్విచ్ ఉంటే అది ఆఫ్‌లో పడిపోయిందా, ఈ రెండూ చూసుకోండి. చూశాను అంటారు, అయినా ఇంకోసారి చూడండి.

తర్వాత ప్లగ్ విప్పాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే విప్పండి, హెడ్ అల్యూమినియంది కాబట్టి వేడి మీద బలవంతంగా తిప్పితే మరలు ఊడొస్తాయి, అప్పుడు ఖర్చు వేలల్లోకి పోతుంది. ప్లగ్ నెత్తి మీద వైర్ కొసన ఉండే క్యాప్ లాగాక ప్లగ్ చుట్టూ ఉన్న మట్టిని నోటితో ఊదైనా పంపు కొట్టైనా పోగొట్టండి, లేకపోతే ఆ ఇసుకంతా సిలిండర్లోకి జారుతుంది. మన వంద సీసీ బండ్లలో ఎక్కువగా 10 మి.మీ. మర ప్లగ్గే ఉంటుంది, దానికి 16 సైజు ప్లగ్ పానా పడుతుంది.

బయటికి తీశాక వెంటనే తుడిచేయకండి, చాలామంది అక్కడే తప్పు చేస్తారు. ముందు కొస చూడండి, తడిగా ఉందా పొడిగా ఉందా. పది కిక్‌లు కొట్టాక కూడా ఎండు కట్టెలా పొడిగా ఉంటే అసలు పెట్రోలే లోపలికి రావట్లేదు, ప్లగ్ మార్చి లాభం లేదు, కాక్, ఫిల్టర్, కార్బురేటర్ జెట్ చూసుకోవాలి. వానాకాలం ట్యాంకులోకి నీళ్ళు దిగి కార్బురేటర్ గిన్నెలో కూర్చోవడం కూడా మామూలే, గిన్నె కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఓ గాజు సీసాలోకి పడితే నీళ్ళు అడుగున వేరుగా కనబడతాయి. తడిగా ఉండి పెట్రోల్ వాసన కొడితే మాత్రం పెట్రోల్ వస్తుంది, మంటే అంటుకోవట్లేదు అన్నమాట. కరెంట్ రావట్లేదేమో, లేదంటే చోక్ (చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ పాలు పెంచే మీట) లాగి అదే పనిగా కిక్‌లు కొట్టడం వల్ల ఓవర్‌ఫ్లో అయ్యుండొచ్చు.

రంగు కూడా చూడండి. లోపలి పింగాణీ లేత గోధుమ రంగులో, బిస్కెట్ రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. పొడి మసి నల్లగా పట్టి చేతికి అంటుకుంటే పెట్రోల్ ఎక్కువైంది, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా చోక్ పూర్తిగా వెనక్కి పోకపోయినా స్పార్క్ బలహీనంగా ఉన్నా ఇలాగే అవుతుంది. నల్లగా జిడ్డుగా ఆయిల్ మెరుస్తుంటే పిస్టన్ రింగులు గానీ వాల్వ్ సీల్ గానీ పోయి ఆయిల్ పైకి వస్తుంది, అది బోర్ పని దాకా పోవచ్చు. తెల్లగా సున్నంలా పొక్కులొచ్చినట్టు ఉంటే ఇంజిన్ అతిగా వేడెక్కుతుంది, గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువ.

ఇప్పుడు స్పార్క్ చూడాలి. ప్లగ్‌ని మళ్ళీ క్యాప్‌లో దూర్చి, ప్లగ్ ఇనప ఒంటిని ఇంజిన్ హెడ్‌కి గట్టిగా ఆనేలా పెట్టి కిక్ కొట్టండి. రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ప్లగ్ తీసిన రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి బుస్సుమని బయటికొస్తుంది, అక్కడ నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది, కాబట్టి ఆ రంధ్రం మీద పొడిగుడ్డ వేసి, ఒలికిన పెట్రోల్ తుడిచేసి, ప్లగ్‌ని ఎంత దూరం పోతే అంత దూరంలో పెట్టండి. రెండోది, వట్టి చేత్తో పట్టుకోకండి, పది ఇరవై వేల వోల్టులు వస్తాయి, ప్లాస్టిక్ పిడి ఉన్న పట్టకారు వాడండి, ప్లగ్ ఎర్త్ తగలకుండా ఊరికే గాల్లో వేలాడదీసి కిక్ కొడితే స్పార్క్‌ని నడిపించే సీడీఐ డబ్బా, వోల్టేజి పెంచే కాయిల్ దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. నీలంగా టప్ టప్ మని సౌండ్‌తో వస్తే మంచి స్పార్క్, పసుపుగా సన్నగా ఒక కిక్‌కి వచ్చి ఇంకో కిక్‌కి రాకపోతే వీక్. అసలేమీ రాకపోతే వేరే బండిలో పనిచేస్తున్న ప్లగ్ తెచ్చి పెట్టి చూడండి, దానికీ రాకపోతే ప్లగ్ తప్పేం లేదు, క్యాప్, హెచ్‌టీ కాయిల్ (పైన చెప్పిన కాయిలే), వైర్లు చూడాలి.

నేను మోసపోయింది ఇక్కడే. నా బండికి బయట పెట్టి చూస్తే స్పార్క్ నీలంగా చక్కగా వచ్చేది, అందుకే కరెంట్ బాగానే ఉంది, దోషం కార్బురేటర్లోనే అని నమ్మాను. మా ఊరి మెకానిక్, పెద్దాయన, ఒకరోజు రాత్రి ఇంటికొచ్చి ప్లగ్ ఇంజిన్‌కే బిగించి క్యాప్ పెట్టేసి, కొట్టంలో బల్బు ఆపేయమని నన్ను కిక్ కొట్టమన్నాడు. చీకట్లో క్యాప్ పక్కనుంచి ఇంజిన్ రెక్క మీదకి దారప్పోగంత నీలం మెరుపు దూకింది, చిట్ మని సౌండ్. మళ్ళీ కొడితే మళ్ళీ అక్కడే. బల్బు వేసి క్యాప్ తీసి చూస్తే రబ్బరు కింద వెంట్రుకంత పగులు, అందులో చెమ్మ, దాని వెంబడి నల్లటి గీత.

ఆయన చెప్పింది ఏంటంటే, బయట గాల్లో ప్లగ్ సందు దాటడం కరెంట్‌కి తేలిక, కాబట్టి అక్కడ బాగానే దూకుతుంది. సిలిండర్లో పిస్టన్ పైకొచ్చేసరికి గాలి ఇంచుమించు తొమ్మిదింతలు అణిగి ఉంటుంది, అప్పుడు అదే సందు దాటాలంటే చాలా ఎక్కువ వోల్టేజి కావాలి, దానికంటే పగిలిన క్యాప్‌లోంచి పోవడం సులువు కాబట్టి అటు పారిపోతుంది. లోపల పెట్రోల్ సగం కాలి సగం కాలక మసి కట్టి ప్లగ్‌ని నాశనం చేస్తుంది. కొత్త ప్లగ్ శుభ్రంగా ఉన్నన్నాళ్ళు ఎలాగో లాక్కొచ్చేది, మసి పట్టగానే ఆగిపోయేది. అంటే మూడు ప్లగ్గులూ క్యాప్ చేసిన పనికి బలైపోయాయి. క్యాప్‌ని ఎడమకి తిప్పితే వైర్ నుంచి మరలా ఊడొచ్చింది, వైర్ కొస పావంగుళం కత్తిరించి కొత్త క్యాప్ తిప్పి ఎక్కించాడు, అంతే. ఆ మూడు ప్లగ్గుల్ని పాత టూత్‌బ్రష్‌తో పెట్రోల్లో కడిగి ఆరబెట్టి ఒక్కోటీ వేసి చూశాను, మూడూ పనిచేశాయి, రెండు ఇప్పటికీ టూల్ బాక్స్‌లో ఉన్నాయి.

కడిగేటప్పుడు ఇనప బ్రష్‌తో పింగాణీని గీకకండి, దాని ఇనప రజను పింగాణీకి అంటుకుని కరెంట్‌కి కొత్త దారి చూపిస్తుంది. గ్యాస్ స్టవ్ మీద కాల్చడం కూడా వద్దు. గ్యాప్ (ప్లగ్ కొసన స్పార్క్ దూకే సందు) సంగతి, ఎన్‌జీకే కంపెనీ సీఆర్7హెచ్‌ఎస్‌ఏ లాంటి ప్లగ్గులకి 0.6 నుంచి 0.7 మి.మీ. ఉండాలి, సందు కొలిచే ఫీలర్ గేజ్ లేకపోతే మామూలు హ్యాక్సా బ్లేడు మందం ఇంచుమించు అంతే ఉంటుంది, అది బిగువుగా దూరితే సరిపోతుంది. మీ బండికి 0.8 అని రాసుంటే మాత్రం బ్లేడు కొలత పనికిరాదు. కొత్తది కొనాల్సొస్తే బండి పుస్తకంలో ఉన్న నంబరే కొనండి, ఆ మధ్యలో ఉన్న 7 అనేది వేడి లెక్క, ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లగా ఉంటుంది, అంకె మారితే మసి పట్టడమో మరీ వేడెక్కడమో జరుగుతుంది.

బిగించేటప్పుడు ప్లగ్ నెత్తికి పెట్రోల్ పైపు ముక్క తొడిగి దాంతో తిప్పండి, మర వంకరగా పడితే పైపే జారిపోతుంది, హెడ్ పాడవదు. చేతి బిగువు పూర్తయ్యాక కొత్త ప్లగ్ అయితే పానాతో ఇంకో అర చుట్టు, పాతదైతే కొద్దిగా అంతే, పానా మీద కాలేసి తొక్కకండి.

ఇది చదివే వేరే వాళ్ళ కోసం ఒక మాట, 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లలో ఎక్కువ వాటికి కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, వాటికి తాళం తిప్పగానే పంపు జుయ్ మని రెండు మూడు సెకన్లు తిరగాలి, ఆ సౌండ్ లేకపోతే ప్లగ్ జోలికి పోకముందే బ్యాటరీ, ఫ్యూజు చూడండి. డీటీఎస్‌ఐ పల్సర్ లాంటి వాటికి ప్లగ్గులు రెండుంటాయి, ఒకటి పోయినా బండి నడుస్తూనే ఉంటుంది, పికప్ మాత్రం తగ్గుతుంది, రెండూ విప్పి చూడాలి.

మీకైతే వానలో తడిశాకే మొదలైంది కాబట్టి నా అనుమానం క్యాప్ మీదే. ఈ రాత్రి ప్లగ్ కడిగి ఆరబెట్టండి, పెట్రోల్ కాక్ ఆపి, ప్లగ్ రంధ్రం మీద గుడ్డ వేసి, క్యాప్ ఇంకా పెట్టకుండా, తాళం ఆఫ్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఓ ఎనిమిది పది కిక్‌లు కొడితే లోపల నిండిన పెట్రోల్ బయటికి పోతుంది. క్యాప్ లోపల పొడిగుడ్డతో తుడిచి ఓ గంట ఆరనివ్వండి. తర్వాత ప్లగ్ బిగించి క్యాప్ పెట్టి, చుట్టుపక్కల పెట్రోల్ తడి గానీ వాసన గానీ లేకుండా చూసుకుని, లైట్లన్నీ ఆపి కిక్ కొడుతూ ఇంకొకర్ని క్యాప్ వైపు చూడమనండి, చెయ్యి మాత్రం దగ్గర పెట్టొద్దనండి.